సోడియం తగ్గితే సీసా ఎక్కించాలా?

రక్తంలో సోడియం బాగా తగ్గిన వృద్ధులు అయినవారిని పోల్చుకోలేక, పొంతనలేని మాటలాడుతూ, ఒక్కోసారి ఫిట్స్ వచ్చి పడిపోతుంటే, గాలి సోకిందని విభూతి పెట్టించి తాయెత్తు కట్టించే ఇళ్ళు తెలుగునాట ఇప్పటికీ ఉన్నాయి. దాన్ని మూఢత్వమని తేల్చేయడం చదువుకున్నవారికి తేలికే గాని, సోడియం తగ్గిందంటే ఒంట్లో ఉప్పు చాలలేదనీ, ఉప్పు తినిపించి సీసా ఎక్కిస్తే సరిపోతుందనీ వారే నమ్మే నమ్మకం వైద్యం వేషంలో ఉండటంవల్ల దాన్ని ఎవరూ నిలదీయరు.

లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ వరకు ఉండవలసిన సోడియం 135 కన్నా తగ్గితే హైపోనాట్రీమియా అంటారు. ఆ అంకె చెప్పేది ఉప్పుకూ నీటికీ మధ్యనున్న పాళ్ళను మాత్రమే. నీటిని మూత్రంలో పోనీయకుండా ఆపే వాసోప్రెసిన్ అనే హార్మోను, కొన్ని ఊపిరితిత్తుల జబ్బుల్లోనూ కొన్ని మానసిక వ్యాధుల మందులవల్లనూ అవసరానికి మించి ఊరినప్పుడు, ఉప్పు ఉన్నంతే ఉండి నీరు పెరుగుతుంది; గుండె, కాలేయం చెడి ఒళ్ళు వాచినవారిలోనైతే ఉప్పు కూడా ఎక్కువే, నీరు అంతకు మించి ఎక్కువ. వీరికి ఉప్పు తినిపించడమంటే వాపును పెంచడమే.

వాంతులు, విరేచనాలతో ఉప్పునూ నీటినీ కోల్పోయినవారికి 0.9 శాతం సెలైన్ నిజంగానే మేలు చేస్తుంది. అదే సెలైన్ వాసోప్రెసిన్ మితిమీరినవారికి ఎక్కిస్తే, మూత్రపిండాలు ఉప్పును వదిలేసి నీటిని అట్టిపెట్టుకోవడంతో సోడియం ఇంకా పడిపోవచ్చు. ఇక నీరసమన్న ప్రతివారికీ ఊళ్ళలో ఎక్కించే గ్లూకోజు సీసాలో ఉండేది 5 శాతం చక్కెర. దాన్ని శరీరం వాడుకున్నాక మిగిలేది ఉత్త నీరే, అంటే డబ్బిచ్చి జబ్బును పెంచుకోవడమే. నీరు నిలిచిపోయినవారికి మొదటి చికిత్స తాగే ద్రవాలను, తరచుగా రోజుకు లీటరు లోపుకు, తగ్గించడం. అది చాలనప్పుడు కొందరికి యూరియాగాని టోల్వాప్టాన్ అనే మందుగాని ఇస్తారు. పరగడుపున లీటరు నీళ్ళు తాగితే సర్వరోగాలూ పోతాయన్న ప్రచారం ఇటువంటివారి ప్రాణం మీదికి తేగలదు.

ఫిట్స్ వచ్చినా స్పృహ తప్పినా ఆసుపత్రిలో 3 శాతం సెలైన్‌ను కొద్దికొద్దిగా, వెంటనే ఎక్కించవలసిందే. అయితే ఆ గండం గడిచాక తొందర పనికిరాదు. రోజుల తరబడి తక్కువ సోడియానికి అలవాటుపడిన మెదడులో ఆ అంకె హఠాత్తుగా పెరిగితే నరాలపై ఉండే మైలిన్ పొర దెబ్బతిని, కొద్దిరోజుల్లో మాట, మింగుడు, కాళ్ళూచేతులూ పడిపోవచ్చు. ఆడమ్స్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1959లో వర్ణించిన ఈ వ్యాధికి వేగం కారణమన్నది తర్వాతి దశాబ్దాల్లో స్థిరపడింది. అందుకే 24 గంటల్లో పెరుగుదలను 8 నుంచి 10 మిల్లీమోల్స్ దాటనీయరు. రెండు రోజులైనా అంకె మామూలుకు రాలేదని బంధువులు డాక్టరును నిలదీస్తున్న వేళకే, అంకె మరీ వేగంగా పెరిగిన రోగికి దాన్ని మళ్ళీ దించడానికి ఆ గ్లూకోజు నీటినే లెక్కకట్టి ఎక్కించవలసి వస్తుంది.