జబ్బు పేటది, డబ్బు సర్కిల్‌ది

తెల్లారేసరికి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు నుంచి వచ్చే బస్సులు బెంజ్ సర్కిల్ దగ్గర జనాన్ని దింపుతాయి. సంచిలో ఎక్స్‌రే కవరు, పాత చీటీలు, చేతిలో కార్డు. వాళ్ళలో మనవాళ్ళెందరో తెలియాలంటే ఏ కార్పొరేట్ ఆస్పత్రి మెట్ల మీదైనా ఓ గంట కూర్చుంటే చాలు. పేటలో బీపీగానో షుగరుగానో మొదలైంది, చూసే దిక్కులేక ముదిరి, గుండె కేసో కిడ్నీ కేసో అయి ఇక్కడికి చేరుతుంది. చేరాకే దానికో ధర పలుకుతుంది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. దాన్ని మేము తిట్టం. ఆపరేషనుకి ఎకరం అమ్ముకుందామన్నా ఎకరం లేనివాళ్ళం. ఆ కార్డు వల్ల బతికినవాళ్ళు మన వాడల్లోనే ఉన్నారు. కానీ అది ప్రధానంగా ఆస్పత్రిలో మంచమెక్కిన జబ్బుకే డబ్బిస్తుంది. ఎ.కొండూరు తండాలనే చూడండి. కిడ్నీలు పోయి మనుషులు రాలిపోతున్నారు. బోరు నీళ్ళ మీదే అనుమానమని, మంచినీళ్ళివ్వమని తండాలవాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. డయాలసిస్‌కి కార్డు పనిచేస్తుంది. తాగేనీళ్ళకి ఏ కార్డు పనిచేస్తుంది?

ఇప్పుడు పెద్దలు కొత్త మాట పట్టుకున్నారు: జనం అలవాట్లు మారాలట! 2010లో ఇంగ్లండు ప్రభుత్వం ఇందుకోసం ఒక బృందాన్నే పెట్టింది. బలవంతం లేకుండా మనిషిని మెల్లగా మంచిదారికి మళ్ళించడం దాని పని. ఉత్తరంలో ఒక మాట మార్చడం, రావలసిన తేదీ ఫోనులో గుర్తుచెయ్యడం, ఇట్లాంటివి. 2018–19 ఆర్థిక సర్వే మన దేశానికీ ఇదే మందు రాసింది.

అయితే ఇంగ్లండువాళ్ళు ఏది ముందు చేశారో, ఏది వెనక చేశారో ఎందుకు చెప్పరు? అక్కడ జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5న మొదలైంది. దాన్ని తెచ్చిన మంత్రి అన్యూరిన్ బెవాన్ బొగ్గుగని కార్మికుడి కొడుకు, తనూ చిన్నప్పుడే గనిలోకి దిగినవాడు. పన్నుల డబ్బుతో, గడపలో పైసా అడగకుండా వైద్యం. అలవాట్ల బృందం వచ్చింది ఆ తర్వాత అరవై ఏళ్ళకి. (అదీ ప్రభుత్వం ఖర్చులు కోసుకుంటున్న రోజుల్లో వచ్చింది. అక్కడి పేదలూ దాన్ని అనుమానంగానే చూడాలి.) వాళ్ళకి ఆస్పత్రి ఉంది కాబట్టి రమ్మని గుర్తుచేశారు. మనకి ఆస్పత్రి రాకుండానే బుద్ధులు వచ్చేశాయి.

2014 నుంచి మరుగుదొడ్డి ప్రచారం నడిచింది. దొడ్డికి 12 వేలన్నారు. కొన్నిచోట్ల చెంబు పట్టుకుపోయే ఆడవాళ్ళ వెనక విజిళ్ళూదారు. కాలవగట్టు పోరంబోకులో గుడిసె వేసుకున్నవాడికి దొడ్డికి జాగా ఎక్కడిది? కాస్త తవ్వితే నీళ్ళూరే డెల్టా నేలలో గుంట నిండితే ఎత్తేదెవరు? మళ్ళీ మనమేగా!

అసలు అలవాటు మార్చుకోమని ముందడిగింది మనం. ఇదే కృష్ణా కాలువల కిందున్న కారంచేడులో, మాదిగపల్లె తాగే చెరువులో పశువుల కుడితి బకెట్టు కడగొద్దన్నారు. అంతకన్నా మంచి ఆరోగ్య ప్రచారం ఏ సర్కారు డాక్టరు చేశాడు? 1985 జూలై 17న దళవాడ మీద పడి ఆరుగుర్ని చంపారు. చంపినవాళ్ళ ప్రవర్తన మార్చడానికి ఏ బృందమూ దిగలేదు.

కార్యకర్తలకి మా మాట: వచ్చే గ్రామసభలో ఉపన్యాసాలొద్దు. పేట ట్యాంకు కడిగి ఎన్నాళ్ళయింది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు కిందటి నెల ఎన్ని రోజులున్నాడు, షుగరు మాత్రలు ఎన్ని రోజులకి సరిపడా ఇచ్చారు, గుంట ఎవరిచేత ఎత్తించారు, ఇవి కాగితం మీద పెట్టండి. సంతకాలో వేలిముద్రలో వేయించి పంచాయతీ సెక్రటరీకిచ్చి రసీదు అడగండి. ఆ రసీదు నకలు మాకు పంపితే ఊరి పేరుతో అచ్చేస్తాం. రసీదు ఇవ్వనంటే, ఇవ్వలేదన్న సంగతే అచ్చేస్తాం.