చేను మనది, లెక్క మనకీ చెప్పాలి



మన మార్టూరు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఒక మాట తరచూ వినపడుతుంటది. "లాం ఫారం వాళ్ళకేం, బోరు పక్కన పది సెంట్లలో పండిచ్చి ఎకరాకి ఇంత అని లెక్క చెప్తారు. మన చేలో వచ్చినప్పుడు మాట" అని. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం గురించే ఈ పోస్టు. కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

మన నల్లరేగడిలో శనగ ఇంతగా ఎట్టా నిలబడింది? జెజి-11 వల్ల కాదా? అది ఒక్కళ్ళు చేసిన పని కాదు. జబల్‌పూర్ వ్యవసాయ యూనివర్సిటీ, పటాన్‌చెరు ఇక్రిశాట్ కలిసి చేస్తే 1999లో బయటికొచ్చింది. సుమారు వంద రోజుల్లో కోతకొస్తది, ఎండు తెగులు తట్టుకుంటది, భూమిలో ఉన్న పదునుతోనే పండుద్ది. తర్వాత కోతకి కూలీలు దొరకని రోజులొచ్చాయి. నంద్యాల పరిశోధన స్థానం వాళ్ళు మిషన్ కోతకి పనికొచ్చేట్టు నిటారుగా పెరిగే ఎన్‌బిఇజి-47 ఇచ్చారు. మన బాపట్లలో 1986లో పుట్టిన సాంబ మసూరికి ఆకు ఎండు తెగులు పీడ ఉండేది. హైదరాబాదులో వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి దాంట్లోకి తెగులు తట్టుకునే మూడు జన్యువులు తెచ్చి 2008లో మెరుగైన సాంబ మసూరి ఇచ్చారు. ఒకళ్ళకి మొక్క తెలుసు, ఇంకొకళ్ళకి జన్యువు తెలుసు. కలిస్తేనే పనయింది.

మరి ఈ కలయికలో రైతు ఎక్కడున్నాడు? కొత్త రకం విడుదల చేసే ముందు మినీకిట్లు అని రైతుల చేలల్లో వేపిస్తారు. ఎవరి చేలో? రోడ్డు పక్కన పొలం, బోరు, సొంత పాస్‌బుక్కు ఉన్న రైతు చేలో. మన దగ్గర చాలామంది కౌలుకి చేసేవాళ్ళే. పంట చేతికి రాకముందే కౌలు కట్టేవాడు అరెకరం ప్రయోగానికి ఇచ్చి, అది పోతే ఆ కౌలు ఎవరిస్తారు? అందుకే వాడు ముందుకు రాడు, వాళ్ళూ అడగరు. చివరికి ఆ రకం బోరు కింద ఎట్టా వస్తదో తెలుస్తది గానీ వానాధారం మెట్టలో ఎట్టా వస్తదో తెలీదు. "మన చేలో రాదు" అనే మాట పుట్టేది ఇక్కడే.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. శాస్త్రవేత్తలు పొలం అడిగితే కాదనొద్దు, కానీ మూడు సంగతులు అడగాలి.

ఒకటి, ప్రతి ఊళ్ళో ఒక కౌలు రైతు చేను, ఒక వానాధారం చేను ఉండాలి. ప్రయోగం పోతే ఆ ముక్కకి కౌలు వాళ్ళే కట్టాలి.

రెండు, ఫలితం మంచిదైనా చెడ్డదైనా రైతు సేవా కేంద్రం గోడ మీద రాయాలి. క్షేత్ర దినోత్సవం రోజు ఫోటో దిగి వెళ్తే సరిపోదు.

మూడు, కష్టకాలంలో ముందు రావాలి. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతలో దూరి తోటల్ని తినేసినప్పుడు మనలో చాలామందికి దిక్కు పురుగుమందుల కొట్టే అయింది. మందు అమ్మేవాడే డాక్టరయితే ఖర్చు ఎట్టా తగ్గుద్ది?

మన వంతూ ఉంది. ప్రయోగం ముక్కలో చాటుగా ఇంకో మందు కొట్టి, లెక్క తప్పు చెప్తే ఆ నష్టం మనకే. వ్యవసాయ బీఎస్సీ ఆఖరి ఏడాది పిల్లలు పల్లెల్లో ఉండి నేర్చుకోటానికి వస్తారు. వాళ్ళకి టీ ఇచ్చి పంపకుండా తెగులొచ్చిన చేను చూపియ్యండి. మన పిల్లల్లో పది పాసైన వాళ్ళకి రెండేళ్ళ వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది, ఆలోచించండి. లాం వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: పత్తి, అపరాలు రంగా యూనివర్సిటీ వాళ్ళవి, మిరప ఉద్యాన యూనివర్సిటీ వాళ్ళది. ఒక చోట అడిగి తెలీదన్నారని తిరిగి రావద్దు.

పరిశోధనకి జీతాలు మన పన్నుల్లోంచే పోతున్నాయి. అడిగే హక్కు ఉంది. ఈసారి మీ ఊరు వచ్చినప్పుడు ఈ మూడూ అడగండి, వాళ్ళేమన్నారో కింద రాయండి.