మగవాడు వేస్తే కళ, ఆడది వేస్తే?

మేడ్చల్, షామీర్‌పేట పల్లెల్లో మన వీధి నాటకానికి ఆడపిల్లల్ని పంపమని అడిగి చూడండి. "నాటకాలాడే దానికి పెళ్ళవుతుందా?" అంటారు. ఎక్కడిదీ మాట?

స్త్రీ పాత్రలు ధరించి పేరుపొందిన స్థానం నరసింహారావుకి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సత్యభామ గొప్పదే, కాదనం. కానీ ఆ వేషం స్త్రీయే కడితే లోకం నటనను వదిలి శీలాన్ని తూచింది. మగవాడి వయ్యారం కళ, ఆడదానిది బరితెగింపు!

కడప జిల్లా సురభిలో 1885లో మొదలైన నాటక సమాజంలో తల్లులూ కూతుళ్ళూ ఈ నింద మోస్తూనే వేషాలు కట్టారు. రాత్రి ద్రౌపది, తెల్లారితే వంట, పిల్లలు, మూటాముల్లే సర్దుకుని మరో ఊరు. ఆ చాకిరీ ఏ నాటక చరిత్రకెక్కింది? అక్కడి నుంచి వచ్చిన సురభి కమలాబాయే 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. 1951లో 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లి కూడా ఆమే. తోటరాముడు ఎవరంటే పసిపిల్లలూ చెబుతారు. ఆ తల్లి పేరు మనలో ఎందరికి తెలుసు?

పాఠ్యపుస్తకాల్లో స్థానం పక్కన కమలాబాయిని చేర్చమని అడుగుదాం. వృద్ధ రంగస్థల నటీమణుల పింఛను కోసం అర్జీలు పెడదాం. పెళ్ళి బెదిరింపుకి జవాబు మాత్రం ఆ పల్లెల్లోనే, నాటకం ఆడి చెప్పాలి.