నెల చందా లేని టీవీ

ఒకప్పుడు దూరదర్శన్ బొమ్మ రావాలంటే ఇంటి కప్పుపై యాంటెన్నా కట్టి, గాలికి పక్కకు తిరిగినప్పుడల్లా ఎవరో ఒకరు పైకెక్కి సరిచేయవలసి వచ్చేది. ఆ రిలే కేంద్రాలు 2022 నాటికి దాదాపు అన్నీ మూతబడ్డాయి. దాంతో ఉచిత టీవీయే పోయిందని పల్లెల్లో చాలామంది భావిస్తున్నారు. అది వాస్తవం కాదు.

ప్రసార భారతి 2004 డిసెంబరులో ప్రారంభించి, నేడు డీడీ ఫ్రీ డిష్ పేరుతో నడుపుతున్న సేవకు నెల చందా లేదు. డిష్, సెట్‌టాప్ బాక్సు ఒకసారి కొంటే చాలు. సప్తగిరి, యాదగిరి చానళ్లు వస్తాయి. ఇంటి కప్పు ఎక్కనక్కర లేదు. మనకు ఆ ఉపగ్రహం ఆగ్నేయ దిక్కున ఉంటుంది. అటువైపు చెట్టూ గోడా అడ్డు లేకుంటే పెరట్లో నేలమీద బిగించినా సరిపోతుంది. జోరువానలో కాసేపు బొమ్మ ఆగవచ్చు. ప్రైవేటు చానళ్లన్నీ ఇందులో రావన్నదీ నిజమే.

అయినా కూలినాలి కుటుంబానికి నెలనెలా చందా భారమే. అది కట్టలేని నెలలో తెర నల్లబడితే తుపాను హెచ్చరిక కూడా ఆ ఇంటికి అందదు. చందాలు వసూలు చేసేవారు ఈ సంగతి చెప్పరు. కనుక పంచాయతీలే గ్రామసభల్లో చెప్పాలి. కార్యాలయం ఆవరణలో ఒక డిష్ బిగించి చూపించాలి. అధికారులు ఇందుకు పూనుకోవలసి ఉంది.