ఉప్పుగాలిలో పనిముట్లు



కళింగపట్నం వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇనుప సామాను ఎంత మంచిది కొన్నా త్వరగా తుప్పు పడుతుంది. గాలితో వచ్చే ఉప్పు ఇనుము మీద కూర్చుని తేమను లాగుకొంటుంది. వసారాలో రంపం, ఉలి, స్పానర్లు పెట్టుకొని ఇంటి పనులు తామే చేసుకొనే సహోదరులు తుప్పు కనబడగానే నూనె రాస్తుంటారు. అడుగున ఉప్పు ఉండగా పైన ఎంత నూనె రాసినా తుప్పు ఆగదు. ముందు మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. వెంటనే పొడిగుడ్డతో ఆరదుడిచి, అప్పుడు కుట్టుమిషను నూనె పలుచగా రాయండి. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు జిగురు కడుతుంది.

గురి కాల్చే సరదా ఉన్న యౌవనస్థులకూ ఒక మాట. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచింది 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండుతోనే. ఇళ్లలో ఉండే స్ప్రింగు ఎయిర్ గన్ అంత ఖరీదైనది కాదు గాని జాగ్రత్త మాత్రం అంతే కావాలి. గొట్టం పైభాగాన్ని పనిముట్లలాగే తుడవవచ్చు. లోపలి సిలిండరులో ఆ నూనె పోయరాదు. గాలి ఒక్కసారిగా నొక్కుకొన్నప్పుడు పుట్టే వేడికి నూనె అంటుకొని సీలు పాడవుతుంది.

రాతిగోడకు గురిపెట్టకండి, గుండు వెనక్కి తుళ్లుతుంది. గ్రైండరు దగ్గరైనా, గురి దగ్గరైనా చదువుకొనే కళ్లజోడు చాలదు. పక్కలు కూడా మూసే రక్షణ కళ్లద్దాలు ఉండాలి. సీసం విషం. పిల్లలను ఎత్తుకొనే ముందు సబ్బుతో చేతులు కడుగుకొనండి.