మహేంద్రగిరిపై బండ్లకు హద్దు పెట్టాలి

మహాశివరాత్రి వచ్చిందంటే బరంపురం, పర్లాకిమిడి, మందస వైపుల నుంచి జనం మహేంద్రగిరి దారి పడతారు. 1,501 మీటర్ల ఎత్తున్న ఈ కొండ మీద పాండవుల పేరు మోస్తున్న గుళ్లున్నాయి. భీముడి గుడి చూడటానికి చిన్నదే, కానీ పేర్చిన ఒక్కో రాయీ కొండంత బరువుగా కనిపిస్తుంది. ఇక్కడ పుట్టిన మహేంద్రతనయ శ్రీకాకుళం జిల్లాలోకి దిగి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒడిశా ప్రభుత్వం ఈ కొండను జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. సిమిలిపాల్ తర్వాత రాష్ట్రంలో రెండో బయోస్ఫియర్ రిజర్వుగా చేయాలన్న ప్రతిపాదనా ఉంది. పేరు పెద్దదైతే వచ్చేవాళ్లూ పెరుగుతారు. అందుకే ఆ గుర్తింపు రాకముందే, శిఖరం దాకా వెళ్లే ప్రైవేటు వాహనాలకు రోజువారీ పరిమితి, ముందస్తు నమోదు అమల్లోకి తేవాలి.

ఇలా చేసి చూపిన కొండ హవాయిలో ఉంది. మావీ దీవిలోని హలేయకలా కొన్ని వందల ఏళ్లుగా నిద్రాణంగా ఉన్న అగ్నిపర్వతం. 3,055 మీటర్ల ఆ శిఖరం నేషనల్ పార్కులో భాగం, అక్కడి ఆదివాసులకు పవిత్ర స్థలం. సూర్యోదయం చూడాలని వచ్చే కార్లతో పైన ఇరుకైపోయి ప్రమాదకరంగా మారడంతో, తెల్లవారుజామున 3 నుంచి 7 గంటల మధ్య వెళ్లే బండ్లకు 2017లో ముందస్తు నమోదు తప్పనిసరి చేశారు. ఆ కొండ అంతకుముందే ఒక పాఠం నేర్పింది. వెండి కత్తుల్లాంటి ఆకులు గుత్తిగా విచ్చుకునే సిల్వర్‌స్వోర్డ్ మొక్క జీవితంలో ఒక్కసారే పూసి ఎండిపోతుంది. పశువులు మేయడం, సందర్శకులు జ్ఞాపకంగా పీక్కుపోవడం వల్ల 1920ల నాటికి అది దాదాపు అంతరించే స్థితికి చేరింది. కాపలా పెట్టాకే కోలుకుంది. దాని వేళ్లు నేలకు పైపైనే ఉంటాయి కాబట్టి పక్కన నడిచినా నలిగిపోతాయి. మహేంద్రగిరి అగ్నిపర్వతం కాదు, ఖొండలైట్, చార్నకైట్ శిలలతో ఏర్పడిన ప్రాచీన తూర్పు కనుమల కొండ. అయినా ఎత్తైన చోట పచ్చదనం పెళుసుగా ఉంటుందన్న సత్యం రెండింటికీ ఒకటే.

దేవుడి దగ్గరకు వెళ్లడానికి అనుమతేమిటని కొందరు అడుగుతారు. పరిమితి పెట్టాల్సింది బండికి, భక్తుడికి కాదు. కాలినడకన ఎక్కేవారిని ఎవరూ ఆపనక్కర్లేదు. నడవలేని వృద్ధులను కొండ కింది నుంచి సామూహిక వాహనాల్లో తీసుకెళ్లవచ్చు. పర్యాటకం తగ్గితే స్థానికుల పొట్ట కొట్టినట్టే కదా అన్నది మరో ప్రశ్న. ఆ వాహనాలు నడిపే పని, దారి చూపే పని కొండవాలుల్లోని సవర యువకులకే అప్పగిస్తే, ఇప్పుడు సొంత కార్లో వచ్చి పోయేవారి డబ్బులో కొంతైనా అక్కడే మిగులుతుంది. అమెరికా పద్ధతి మనకు నప్పదనీ అనవచ్చు. కానీ పక్కనే ఉన్న గంజాం తీరానికి ఆంక్షలు కొత్త కాదు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయని ఏటా నవంబరు నుంచి మే దాకా ఏడు నెలలు మరపడవల వేటను నిషేధిస్తున్నారు. తాబేలు కోసం జాలరి తన కూటి పడవను కట్టేసుకుంటుంటే, కొండ కోసం ఒక పూట కారు కింద వదలడం మనకు బరువు కాకూడదు.

గజపతి, శ్రీకాకుళం జిల్లాల అధికారులు కలిసి కూర్చుని వచ్చే శివరాత్రికే ఈ ఏర్పాటు మొదలుపెట్టాలి. ప్రభుత్వం కదిలేదాకా ఆగకుండా మనమూ ఈసారి బండి కిందే ఆపి, నడిచి ఎక్కుదాం.