పాతికేళ్ల ట్రాన్స్‌ఫార్మర్ ముందే ఎందుకు కాలుతోంది?

నాట్ల రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రైతుకు నారు ముదిరిపోతుంది, కూలీకి పని పోతుంది. పోయిన కూలిరోజులు ఎవరి లెక్కలోకీ రావు. అందుకే వ్యవసాయ కార్మికులమైన మేమూ ఈ సంగతి ఎత్తుతున్నాం.

రైతులు ఇష్టమొచ్చినట్టు మోటార్లు తగిలిస్తున్నారు కాబట్టే కాలుతున్నాయని అధికారులంటారు. ఇది సగం నిజం. ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు పాతికేళ్లని లెక్క. ఆ ఆయుష్షంతా లోపలి కాయిలుకు చుట్టిన కాగితంలో ఉంది. వేడి 98 డిగ్రీలు దాటాక, పెరిగే ప్రతి 6 డిగ్రీలకూ ఆ కాగితం పెళుసెక్కే వేగం రెట్టింపవుతుందని ఇంజనీర్ల లెక్క. నూనె తగ్గినా, తేమ చేరినా చేటే.

63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ 5 హార్స్‌పవర్ మోటార్లను సుమారు 12 మోస్తుంది. 20 తగిలించి, కరెంటు రాగానే ఆటోస్టార్టర్లతో అన్నీ ఒక్కసారే లేస్తే కాలక ఏం చేస్తుంది? నిజమే. కానీ డబ్బు కట్టినా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రాకపోతే రైతుకు దారేది? నూనె చూడడం, సరైన ఫ్యూజు వేయడం రైతు పనా?

పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే నిబంధన పెట్టింది. అయినా రైతులే చందాలేసుకుని ట్రాక్టర్ మీద మోసుకెళ్తున్న ఊళ్లున్నాయి.

లోడు కొలిచి అదనపు ట్రాన్స్‌ఫార్మర్లు వేయాలి. సీజనుకు ముందే నూనె పరీక్షించాలి. గడువు దాటితే పరిహారమివ్వాలి. రైతులూ ఆటోస్టార్టర్లు తీసి కెపాసిటర్లు పెట్టుకోవాలి. రైతూ కూలీ కలిసి అడిగితేనే ఇవి జరుగుతాయి.